బెంగళూరు చెరువుల్లో ఆరు రోజులు: ఎవరు ఎవర్ని తింటున్నారు

మొదటి రోజు, శనివారం

కేఆర్ పురం స్టేషన్లో దిగేసరికి ఇంకా తెల్లారలేదు, చలి గట్టిగా ఉంది, భీమవరంలో ఫిబ్రవరికే ఫ్యాన్ వేసుకుని పడుకుంటాం, ఇక్కడ మా అక్క స్వెట్టర్ పట్టుకుని స్టేషన్ బయట నిలబడి ఉంది. నా సామాన్లు చూసి "ఏంటే ఇది, పెళ్ళికొచ్చావా చేపలు పట్టడానికొచ్చావా" అంది. ప్లాంక్టన్ నెట్ (నీళ్ళల్లో తేలే చిన్న చిన్న ప్రాణుల్ని పట్టే వల), శాంపిల్ బాటిళ్ళు ఒక పెట్టెడు, డీఓ మీటర్ (నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్ కొలిచేది), ఇంకా తాడు కట్టిన గుండ్రటి ఇనప రేకు, నలుపు తెలుపు రంగులేసింది, అది మా నాన్న ఆకివీడులో వెల్డింగ్ షాపులో చేయించి ఇచ్చాడు.

నేను కాలేజీలో జువాలజీ చెప్తాను, దాంతోపాటు చెరువుల్లో ఫుడ్ వెబ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా. అంటే నీళ్ళల్లో ఎవరు ఎవర్ని తింటారు, ఎవరు ఎవరికి పోటీ, ఒకళ్ళని తీసేస్తే మిగతావాళ్ళకి ఏమవుతుంది అన్నది. మాది కొల్లేరు పక్క ఊరు, కైకలూరు దాటాక. నాన్నవి రెండు చేపల చెరువులు, ఐదో కాంటూర్ (కొల్లేరు అభయారణ్యం హద్దు) బయటే. ఇన్నాళ్ళూ నా శాంపిల్స్ అన్నీ మా వైపు చెరువులవే, మేత వేసి ఎరువు వేసి పెంచేవి. ఎవరూ మేత వెయ్యకుండా ఊరి మురుగే మేతైపోయిన చెరువులు ఎలా ఉంటాయో చూడాలని బెంగళూరు వచ్చా. ఇక్కడ శాంపిల్స్ తీసే ఒక రీసెర్చ్ టీమ్ వాళ్ళకి పర్మిషన్లు ఉన్నాయి, వాళ్ళతో కలిసి వెళ్ళడానికి ఒప్పుకున్నారు.

అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ వర్తూరు వైపు. సాయంత్రం బావ, అక్క కూతురు చిన్ని (ఏడో క్లాసు), నేను వర్తూరు చెరువు గట్టు మీదకెళ్ళాం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు, చెప్పుకోడానికి పెద్ద నది లేదు, అందుకే పాతకాలం వాళ్ళు వాన నీటిని పట్టుకోడానికి వరసగా చెరువులు తవ్వారు, పై చెరువు అలుగు పారితే కింది చెరువులోకి, అది నిండితే ఇంకో దాంట్లోకి, మన గొలుసుకట్టు చెరువుల్లాంటివే. కోరమంగల, చల్లఘట్ట వైపు నీళ్ళన్నీ బెళ్ళందూరు చెరువులోకి, అక్కణ్ణుంచి ఈ వర్తూరులోకి, తర్వాత దక్షిణ పినాకినిలోకి వెళ్తాయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్నా, నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసేది, రెండూ పుట్టింది బెంగళూరు దగ్గర నంది హిల్స్ వైపే. ఈ సంగతి చెప్తే బావ పన్నెండేళ్ళుగా ఇక్కడుంటున్నా తెలీదన్నాడు.

ఆ గొలుసే ఇప్పుడు మురుగుని కూడా అలాగే కిందకి చేరేస్తోంది. 2015లో ఇక్కడ అలుగు దగ్గర నురగ లేచి రోడ్డు మీదకొచ్చిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు, 2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువు మీద మంటలు కూడా వచ్చాయి. సబ్బులు, డిటర్జెంట్లు కలిసిన మురుగు అలుగు మీదనుంచి పడి చిలికినట్టయి నురగ కడుతుంది. తర్వాత పూడిక తీసే పనులు మొదలుపెట్టారు.

చిన్ని గట్టు మీద నిలబడి "పిన్నీ, ఇందులో చేపలెలా బతుకుతాయి?" అని అడిగింది. బతుకుతాయమ్మా, కానీ ఏ చేపలు అన్నదే అసలు ప్రశ్న అన్నా. రాత్రి దానికి ఒక పని అప్పజెప్పా, రెండు ప్లాస్టిక్ టబ్బులు, రెండు గప్పీ చేపలు రెడీగా పెట్టమని.

రెండో రోజు, ఆదివారం

పొద్దున్న నాలుగింటికి క్యాబ్, వర్తూరు నుంచి జక్కూరుకి, అది ఊరికి ఆ చివర. అంత పొద్దున్నే ఎందుకంటే నీళ్ళల్లో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందే. పగలంతా నాచు ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురదలో బ్యాక్టీరియా అందరూ కలిసి దాన్ని వాడేస్తారు. ఇది మా వైపు చదువు రాని రైతుక్కూడా తెలుసు. మా నాన్న మబ్బు పట్టిన రోజుల్లో మూడింటికి లేచి టార్చ్ పట్టుకుని చెరువు దగ్గరికి పోయేవాడు, చేపలు తలలు పైకి పెట్టి నోళ్ళు తెరుస్తుంటే "డీఓ పడిపోయింది" అని ఇంజన్ ఆన్ చేసి నీళ్ళు చిమ్మించేవాడు. నేను చిన్నప్పుడు ఆ టార్చ్ పట్టుకునేదాన్ని. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కిందకి వస్తే బొచ్చె, శీలావతి లాంటివి ఇబ్బంది పడతాయి, తిలాపియా, క్యాట్‌ఫిష్ మాత్రం ఓర్చుకుంటాయి. మురుగు చెరువుల్లో చివరికి ఎవరు మిగులుతారన్నది చాలావరకు ఈ తెల్లవారుజాము గంటలోనే తేలిపోతుంది.

జక్కూరు చెరువు దాదాపు 160 ఎకరాలు. పై భాగంలో మురుగు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది, మొదట రోజుకి కోటి లీటర్ల సామర్థ్యంతో కట్టారు, అందులోంచి వచ్చిన నీళ్ళు తిన్నగా చెరువులోకి రావు, ముందు జమ్ము పెంచిన చిత్తడిలోంచి మెల్లిగా పారి, నైట్రోజన్, ఫాస్ఫరస్ కొంత అక్కడ వదిలేసి, అప్పుడు చెరువులోకి వస్తాయి. పద్ధతి నాకు చాలా నచ్చింది. కానీ ఆ జమ్ముని ఎప్పటికప్పుడు కోసి బయట పడెయ్యాలి, లేకపోతే అక్కడే కుళ్ళి తాగిందంతా మళ్ళీ నీళ్ళకే ఇచ్చేస్తుంది. టీమ్‌లో ఉన్న కర్ణాటక అబ్బాయి కూడా అదే అన్నాడు, కట్టడానికి డబ్బులు దొరుకుతాయి మేడమ్, కొయ్యడానికే దొరకవు అని.

వెలుగొచ్చాక సెచ్చి డిస్క్ దింపాం, అదే నాన్న చేయించిన రేకు. 1865లో ఆంజెలో సెచ్చి అని ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా, సముద్రంలో తెల్ల పళ్ళెం దింపి ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూశాడు, నూట అరవై ఏళ్ళయినా దానికంటే చవకైన పనిముట్టు రాలేదు. మా రేకు మోచెయ్యంత లోతు దిగకుండానే మాయమైంది. నీళ్ళు బఠాణీ పులుసు రంగు. ప్లాంక్టన్ నెట్ అయిదుసార్లు లాగి, పట్టిందంతా రెండు క్యాన్లలో పోసుకున్నా, ఒకటి మైక్రోస్కోప్‌కి, ఒకటి చిన్ని టబ్బులకి.

అప్పుడే తెప్ప మీద ఇద్దరు వల తీసుకుని ఒడ్డుకొచ్చారు. ఒకళ్ళనొకళ్ళు తెలుగులో అరుచుకుంటుంటే ఆగలేక పలకరించా. కుప్పం దగ్గర వాళ్ళట, పెద్దాయనకి యాభై దాటుంటాయి.

"ఏ ఊరక్కా మీది?"

"కొల్లేరు వైపన్నా, కైకలూరు."

"ఓ, చేపలోళ్ళే అయితే!" అని గంప మూత తీసి చూపించాడు. బొచ్చెలు, బంగారుతీగలు, తిలాపియాలు. ఆయన బొచ్చెని కట్లా అంటున్నాడు, నాకు బొచ్చె అనే వస్తోంది. కాంట్రాక్టర్ ఏ పిల్ల వేస్తాడని అడిగితే కట్లా, రోహు, కామన్ కార్ప్ అన్నాడు, తిలాపియా ఎవరూ వెయ్యకపోయినా అదే పుడుతుందన్నాడు. నిజమే, మొజాంబిక్ తిలాపియాని మన దేశానికి 1952లో తెచ్చారు, ఇప్పుడు అది లేని చెరువు వెతకాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నా పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన వైపు ఎవర్నడిగినా చెప్తారు, బొచ్చె పై నీళ్ళలో మేస్తుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున, అందుకే మూడూ కలిపి వేస్తాం, ఒకదాని మేతకి ఒకటి అడ్డం రాదు. బొచ్చె పైన మేసేది ఏంటంటే జంతు ప్లాంక్టన్, మోయినా, డాఫ్నియా లాంటి చుక్కంత ప్రాణులు. ఆ చుక్కలేమో నాచుని మేస్తాయి. మా నాన్న చెరువులో నీళ్ళు ఆకుపచ్చగా రంగు కట్టాలి, బొచ్చె ఒళ్ళు చెయ్యాలి, కాబట్టి అది మాకు పంట. ఇక్కడ జనం కోరేదేమో తేట నీళ్ళు. తేట నీళ్ళు కావాలనుకునే చెరువులో నాచుని మేసేవాణ్ణి తినేసే చేపని ఏటా వేలల్లో వదుల్తున్నాం. బంగారుతీగ ఇంకో రకం, అడుగు బురద నోటితో కెలికి పురుగులేరుకుంటుంది, బురదలో దాక్కున్న ఫాస్ఫరస్ పైకి లేస్తుంది, నాచుకి అదీ మేతే.

పెద్దాయనకి ఇదంతా చెప్పా. కాసేపు ఆలోచించి "అయితే చేప తినే చేపని వెయ్యాలక్కా, కొర్రమీను" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. 1985లో అమెరికాలో స్టీఫెన్ కార్పెంటర్, జేమ్స్ కిచెల్ అనే శాస్త్రజ్ఞులు సరిగ్గా అదే చేశారు, ట్యూస్‌డే లేక్ అని చిన్న సరస్సులోంచి చిన్న చేపల్ని చాలావరకు తీసేసి వాటిని తినే బాస్ చేపల్ని వేశారు, చిన్న చేపలు లేకపోయేసరికి డాఫ్నియాలు పెరిగాయి, అవి పెరిగేసరికి నాచు తగ్గింది. పైన ఒక చేపని మారిస్తే మూడు మెట్లు కింద నీళ్ళ రంగు మారింది. దీన్ని ట్రోఫిక్ కాస్కేడ్ అంటారు, అలుగు మీదనుంచి చెరువులోకి చెరువులోకి నీళ్ళు దిగినట్టే. దాని మీద పుస్తకాలకి పుస్తకాలు ఉన్నాయి, ఆయన తెప్ప మీద కూర్చుని రెండు నిమిషాల్లో అక్కడికొచ్చేశాడు.

అయితే మన చెరువుల్లో అది అంత తేలిగ్గా జరగదు, అదీ చెప్పాలి. వేడి దేశాల్లో చిన్న చేపలు ఏడాదంతా పిల్లలు పెడుతూనే ఉంటాయి, తిలాపియా నాచూ తింటుంది, పురుగులూ తింటుంది, బురదా తింటుంది, దాన్ని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తెలీదు. పైగా మురుగు అలా వస్తూనే ఉంటే ఎంతమంది మేసేవాళ్ళున్నా చాలరు. మురుగూ ఆగాలి, ఏ చేప వేస్తున్నామో చూసుకోవాలి, రెండూ కావాలి.

సాయంత్రం టబ్బులు. రెండిట్లో జక్కూరు నీళ్ళు సమానంగా పోసి, క్యాన్‌లో పట్టిన ప్లాంక్టన్ సమానంగా కలిపి, ఒకదాంట్లో గప్పీలు వేశాం, రెండోదాంట్లో చేప లేదు. మేడ మీద ఎండ తగిలే చోట పెట్టాం. గప్పీకి దగ్గర చుట్టమే గంబూసియా, దోమల కోసమని 1928లో మన దేశానికి తెచ్చారు, మా భీమవరంలో ఇప్పటికీ డెంగీ సీజన్ వస్తే గుంటల్లో వదుల్తారు. 1972లో హర్ల్‌బర్ట్ అనే ఆయన, తోటివాళ్ళు కాలిఫోర్నియాలో గంబూసియా ఉన్న కుంటలు, లేని కుంటలు పక్కపక్కన పెట్టి చూశారు, చేప ఉన్నవాటిల్లో జంతు ప్లాంక్టన్ పోయి నీళ్ళు పచ్చగా అయిపోయాయి. మేమూ అదే చేస్తున్నామని చెప్తే చిన్ని వెంటనే నోట్‌బుక్ తెచ్చి తేదీ రాసింది.

మూడో రోజు, సోమవారం

ఇవాళ బయటికి వెళ్ళలేదు, టీమ్ వాళ్ళ ల్యాబ్‌లో పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మైక్రోస్కోప్ ముందే. యాత్రా కథనంలో మైక్రోస్కోప్ ఏంటి అనుకుంటారేమో, ఈ ఆరు రోజుల్లో నేను అన్నిటికంటే దూరం వెళ్ళింది ఇవాళే.

ఒక చుక్క నీళ్ళు గాజు పలక మీద వేస్తే ముందు కనిపించేది మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు, పచ్చటి రవ్వల ముద్దల్లా. ఇది విషం పుట్టించగలదు, ముద్ద కట్టి ఉంటుంది కాబట్టి చిన్న చిన్న ప్రాణులకి మింగుడుపడదు కూడా, అందుకే మురుగు నీళ్ళల్లో ఇదే రాజ్యం. వాటి మధ్యలోంచి మోయినాలు చిటుక్కు చిటుక్కుమని ఎగురుతూ పోతుంటాయి. ఒక మోయినా వీపు గూట్లో పిల్లలు ఆరు లెక్కపెట్టా, మగవాడి అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, రోజులు బాగాలేకపోతేనే మగపిల్లల్ని కని, గట్టి పెంకు గుడ్లు పెడుతుంది, అవి బురదలో ఏళ్ళకేళ్ళు నిద్రపోతాయి. చెరువు పూడిక తీసి లారీల్లో తోలేసినప్పుడు ఆ నిద్రపోతున్న గుడ్లు కూడా పోతాయి. పూడిక తియ్యొద్దని కాదు, కానీ పాత బురద కొంచెం ఒక మూల ఉంచితే కొత్త నీళ్ళు రాగానే పాత ప్రాణులు లేస్తాయి కదా అని నా ఆశ.

తర్వాత రోటిఫర్లు, మోయినా కంటే ఇంకా చిన్న ప్రాణులు. వీటిని మా వైపు చేపల హ్యాచరీల్లో పనిచేసేవాళ్ళు కూడా గుర్తుపడతారు, చేప పిల్లకి మొదటి మేత కదా. తల మీద చక్రాల్లా తిరిగే వెంట్రుకలు, వాటితో నీళ్ళు తోసి నాచు నోట్లోకి లాక్కుంటుంది. ఈ శాంపిల్‌లో ఎక్కువ బ్రాకియోనస్ అనే రకం. వాటి మధ్యలో ఆస్ప్లాంక్నా, ఇదీ రోటిఫరే కానీ వేటగాడు, గాజు సంచిలా ఉంటుంది, లోపల ఏం మింగిందో బయటికే కనపడుతుంది. ఒకదాని పొట్టలో బ్రాకియోనస్ పెంకు ఉంది.

ఇక్కడే అసలు విషయం. బ్రాకియోనస్‌లు అన్నీ ఒకేలా లేవు. కొన్నిటికి వెనకవైపు ముళ్ళు పొట్టిగా ఉన్నాయి, కొన్నిటికి పొడవాటి రెండు ముళ్ళు పక్కలకి చాచుకుని ఉన్నాయి. వేరే జాతులేమో అనుకుంటాం, కాదు. 1952లో బోషాం అని ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు, 1966లో జాన్ గిల్బర్ట్ ఇంకా వివరంగా తేల్చాడు, ఆస్ప్లాంక్నా నీళ్ళల్లోకి వదిలే ఒక పదార్థం వాసన తగిలితే చాలు, బ్రాకియోనస్ తల్లికి పుట్టే పిల్లలు పొడవాటి ముళ్ళతో పుడతాయి. తల్లి మారదు, తన ఒంటికి ముళ్ళు రావు. వేటగాడు ఉన్నాడని తల్లికి తెలిసింది, పిల్ల ఆయుధంతో పుట్టింది. ముల్లు చాచుకుని ఉన్న పిల్లని మింగబోతే ఆస్ప్లాంక్నా నోట్లో అడ్డం పడుతుంది, కక్కేస్తుంది.

పుస్తకంలో ఇరవైసార్లు చదివా, పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పా, కానీ బెంగళూరు మురుగు తగిలిన ఒక చుక్కలో కళ్ళారా చూడ్డం ఇదే మొదటిసారి. ఒకరినొకరు తినడం అనే మాటకి అర్థం అక్కడితో అయిపోదు, తినబోతున్నాడన్న భయం కూడా ఒంటి ఆకారాన్ని మార్చేస్తుంది. చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. టీమ్‌లో అమ్మాయి వచ్చి "మేడమ్ టీ" అంటే కూడా వినపడలేదు.

రాత్రి భోజనాల దగ్గర బావ అడిగాడు, చేపల్ని లెక్కపెడితే సరిపోదా, ఈ కంటికి కనపడనివాటి లెక్కెందుకని. లిండెమన్ గురించి చెప్పా. రేమండ్ లిండెమన్ మిన్నెసోటాలో సెడార్ బాగ్ లేక్ అని చిన్న సరస్సుని ఏళ్ళ తరబడి చదివి, సూర్యుడి శక్తి నాచులోకి ఎంతొస్తుంది, అక్కణ్ణుంచి మేసేవాటికి ఎంత, వేటాడేవాటికి ఎంత అని లెక్క కట్టాడు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళేసరికి చాలావరకు ఖర్చైపోతుంది, దాదాపు పదో వంతే మిగులుతుందని ఇప్పుడు మనం చెప్పుకునేది ఆ దారిలో వచ్చిందే. ఆయన పేపర్‌ని మొదట తిప్పి పంపారు, తర్వాత ఒప్పుకున్నారు, 1942లో అచ్చయింది, అప్పటికే ఆయన చనిపోయాడు, 26 ఏళ్ళు. బావ ఇంకేం అడగలేదు. కంచంలో చేప ముక్క వైపు కాసేపు చూసి, ఇది ఎన్ని మెట్లెక్కి వచ్చిందో అన్నాడు.

నాలుగో రోజు, మంగళవారం

పెద్దగా పని కాలేదు. హలసూరు చెరువు దగ్గరికెళ్ళాలని బయల్దేరాం, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరే గంట పట్టింది, వెళ్ళేసరికి ఎండ ఎక్కింది, అక్కడ శాంపిల్‌కి పర్మిషన్ కాగితం ఇంకా రాలేదని తెలిసింది. ఊరికే గట్టు వెంట నడిచాం. 2016 మార్చిలో ఇక్కడ వేల చేపలు చచ్చి తేలాయి. ఒడ్డున మల్లెపూలు అమ్ముకునే ఒక ముసలావిడ తెలుగావిడే, తాతల కాలంలో హిందూపురం నుంచి వచ్చారట, ఆ రోజు గుర్తుందా అని అడిగా. "ఎట్లా మర్చిపోతాం తల్లీ, తెల్లగా పరుపు పరిచినట్టుండె, ముక్కు మూసుకున్నా ఆగలేదు, రెండు దినాలు పూలు ఎవరూ కొనలేదు" అంది. నాకు మా నాన్న మొహం గుర్తొచ్చింది, ఒక వేసవిలో మా చిన్న చెరువు రాత్రికి రాత్రి తేలిపోయిన పొద్దున్న. ఆవిడ దగ్గర నాలుగు మూరలు కొనుక్కుని వచ్చేశాం.

టబ్బుల్లో ఇంకా తేడా ఏం కనపడలేదు.

ఐదో రోజు, బుధవారం

కైకొండ్రహళ్ళి, సర్జాపూర్ రోడ్డు పక్కన. పెద్దది కాదు, నలభై ఎనిమిది ఎకరాలు, చుట్టుపక్కల వాళ్ళు కార్పొరేషన్‌తో కలిసి నిలబెట్టుకున్న చెరువు. పొద్దున్నే వాకింగ్‌కొచ్చేవాళ్ళు, బడి పిల్లలు, మధ్యలో దిబ్బ మీద పక్షులు. ఇక్కడ మా పని నత్తలు, ముత్యపు చిప్పలు ఏరడం. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాళ్ళ లోతు దిగా, కాళ్ళ కింద బురద తగలగానే కొల్లేరులో నత్తగుల్లలు ఏరిన రోజులు గుర్తొచ్చాయి, బాతులకి వెయ్యడానికి బుట్టలతో పట్టుకెళ్ళేవాళ్ళం.

నత్తలెందుకంటే, చేప ఏం తింటుందో పొట్ట కోసి చూస్తే నిన్నటి సంగతే తెలుస్తుంది, నెలల లెక్క తెలియాలంటే దాని కండలో నైట్రోజన్ చూడాలి. మామూలు నైట్రోజన్ కంటే కొంచెం బరువైన నైట్రోజన్ 15 అనేది ఉంటుంది, తిన్నవాడి ఒంట్లో తినబడ్డవాడి కంటే అది కొద్దిగా పోగవుతుంది, మెట్టుకి సగటున వెయ్యికి 3.4 వంతులు. దాన్నిబట్టి ఏ చేప ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పొచ్చు. కానీ చిక్కేంటంటే మురుగులోనే బరువు నైట్రోజన్ ఎక్కువ. కింది మెట్టే ఎత్తులో ఉంటే పైవాడు ఉన్నదానికంటే ఎత్తుగా కనపడతాడు, తిలాపియా పెద్ద వేటగాడిలా లెక్కకొస్తుంది. అందుకని ముందు నేల ఎత్తు కొలవాలి. ఒడ్డున రాళ్ళ మీద పాకుడు గీక్కుని తినే నత్త ఒడ్డు లెక్క చెప్తుంది, నీళ్ళు వడకట్టుకుని తినే చిప్ప మధ్య నీళ్ళ లెక్క చెప్తుంది, రెండూ చాన్నాళ్ళు బతుకుతాయి కాబట్టి ఒక్క రోజు ఎక్కువ తక్కువలకి మారిపోవు. డెబ్భై నత్తలు ఏరాం, చిప్పలు పదకొండే దొరికాయి.

ఒక మూల గుర్రపుడెక్క ఉంది. ఆకులు తిప్పి చూశా, అనుకున్నట్టే చిన్న చిన్న గోధుమరంగు గాట్లు, గోరుతో గీకినట్టు. ముక్కుపురుగు పని. ఈ కథ బెంగళూరుదే. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, ఇక్కడ దాన్ని తినేవాడు లేక చెరువులు కప్పేసింది, 1980ల్లో హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అది పుట్టిన చోట దాన్ని తినే నియోకెటినా అనే ముక్కుపురుగుని తెప్పించి, మన మొక్కల జోలికి పోదని చూసుకున్నాక ఇక్కడి చెరువుల్లో వదిలారు. కొన్నేళ్ళలో కొన్ని చెరువుల్లో గుర్రపుడెక్క బాగా తగ్గింది. మరి ఇప్పటికీ ఇన్ని చెరువులు ఎందుకు కప్పేసుందంటే, ఒకటి, మురుగులో అది పురుగు తినే వేగం కంటే తొందరగా పెరుగుతుంది, రెండు, జేసీబీతో మొత్తం ఒక్కసారి పీకేస్తే పురుగులూ దాంతోపాటే పోతాయి, తర్వాత మిగిలిన నాలుగు మొక్కలు, గింజలు పురుగు లేని చెరువులో మళ్ళీ అల్లుకుంటాయి. పీకేటప్పుడు పురుగున్న మొక్కలు కొన్ని వదిలెయ్యండి అని ఎవరైనా ఆ డ్రైవర్‌కి చెప్పుంటే బాగుండు అనిపిస్తుంది.

ఎనిమిదింటికి నీటికాకులు దిగాయి, ముప్ఫై దాకా. వరసగా మునుగుతూ లేస్తూ చేపల్ని ఒడ్డుకి తరుముకొస్తున్నాయి, ఒడ్డున తెల్లకొంగలు అప్పటికే వచ్చి నిలబడ్డాయి, తరిమితే గట్టుకొచ్చిన పరిగెల్ని కొంగలు ఏరుకుంటున్నాయి. కొంగకి లాభం తెలుస్తూనే ఉంది, నీటికాకికి నష్టమా, ఏం పట్టదా, అక్కడ నిలబడి తేల్చలేకపోయా. దూరంగా గూడబాతులు రెండు. మా కొల్లేరు పక్క ఆటపాక పక్షుల కేంద్రంలో ఇవి వందల్లో ఉంటాయి, ఇక్కడ రెండిటిని చూసినా ఇంటి మనుషుల్ని చూసినట్టే అనిపించింది.

ఒకాయన రోజూ వస్తాడట, బ్రెడ్ ప్యాకెట్ విప్పి ముక్కలు విసురుతున్నాడు, నీళ్ళు ఉడికినట్టు చేపలు లేస్తున్నాయి. మంచి మనసుతోనే చేస్తున్నాడు, పక్కన మనవడు చప్పట్లు కొడుతున్నాడు. దగ్గరికెళ్ళి మెల్లిగా చెప్పా, అయ్యా ఇది వాటికి మేతే కానీ చెరువుకి ఎరువు, తినగా మిగిలింది కుళ్ళి ఆక్సిజన్ తినేస్తుంది అని. ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు, కడప ఆయన. "మరి పిల్లోడికి చేపలు ఎట్లా చూపియ్యాలమ్మా?" అన్నాడు. నా దగ్గర భూతద్దం ఉంది, శాంపిల్ బాటిల్ ఎండకి ఎదురుగా పెట్టి మోయినాలు చూపించా. పిల్లాడు బాటిల్ వదల్లేదు, చివరికి ఒకటి ఇచ్చేశా.

ఆరో రోజు, గురువారం

రాత్రికి రైలు. పొద్దున్నే చిన్ని పరిగెత్తుకొచ్చి లేపింది, "పిన్నీ తేడా వచ్చింది!" మేడ మీదకెళ్ళాం. గప్పీలున్న టబ్బు ఇంకా పచ్చగానే ఉంది, అడుగున పెట్టిన తెల్ల గిన్నె కనపడట్లేదు. చేపల్లేని టబ్బులో గిన్నె అంచు మసగ్గా కనపడుతోంది, మోయినాలు పొగలా తిరుగుతున్నాయి. చిన్ని ఎగిరి గంతేసింది. నేనూ సంతోషపడ్డా, కానీ చెప్పా, రెండు టబ్బులతో ఏదీ రుజువు కాదమ్మా, ఒకదాని మీద ఎండ ఎక్కువ పడి ఉండొచ్చు, నిజంగా తేలాలంటే ఇటు పది అటు పది పెట్టాలి. పది పెడతానంది.

అప్పుడే అక్క బట్టలు ఆరెయ్యడానికి వచ్చి చేపల్లేని టబ్బులోకి వంగి చూసింది. దోమ లార్వాలు, చాలా ఉన్నాయి, నీళ్ళల్లో మెలికలు తిరుగుతున్నాయి. తప్పు నాదే, మొదటి రోజే పైన వల కట్టాల్సింది. అక్క కోపంలో న్యాయం ఉంది, పోయిన ఏడాది చిన్నికి డెంగీ వచ్చి ఆరు రోజులు హాస్పిటల్లో ఉన్నారు. "నీ తేట నీళ్ళు నాకొద్దే తల్లీ" అంది. ఊళ్ళల్లో గంబూసియా వదిలేవాళ్ళ మాట కూడా ఇదే కదా అనుకున్నా, ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలీక వదుల్తున్నారనుకునేదాన్ని. తెలిసే వదుల్తున్నారు, ఇంట్లో జ్వరం చూసినవాళ్ళకి నీళ్ళ రంగు తర్వాతి సంగతి. దోమ పిల్లని తింటూ మోయినాని కొంచెమైనా మిగిల్చే మన చేప ఏదన్నా ఉందా అని చూడాలి, చిన్న పరిగెలు, కొర్రమీను పిల్ల, తూనీగ లార్వా కూడా దోమ పిల్లల్ని తింటుంది. నా తర్వాతి రెండేళ్ళ పనికి ఒక వరస అక్కడ మేడ మీద బట్టల తాడు కింద దొరికింది.

టబ్బు నేనే ఒంపేశా, మేడ మీద ఎండిన సిమెంటు మీద, మురుగులోకి కాదు. గప్పీల్ని చిన్ని గాజు తొట్టెలోకి మార్చాం, చెరువులోకి మాత్రం ఎప్పుడూ వదలొద్దని ఒట్టేయించుకున్నా.

కేఆర్ పురంలో రైలెక్కి నత్తల డబ్బా సీటు కింద సర్దుకుంటుంటే చిన్ని దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. ఒంపేముందు ఒక పచ్చడి సీసాలో కొన్ని నీళ్ళు పట్టి దాచుకుందట, మూతికి పాత చున్నీ ముక్క కట్టి రబ్బర్ బ్యాండ్ వేసింది, సీసా మీద కాగితం అంటించి "చేప లేదు, దోమ లేదు, లార్వాలు ఏరేశా" అని రాసింది. కింద ఇంకో మెసేజ్, అమ్మకి చెప్పకు పిన్నీ, పదో టబ్బు దాకా ఇదే విత్తనం.